లోపలి లైటు

నాలుగు నెలలుగా నా బండిలో లోపలి లైటు లేదు.
తలుపు తీస్తే ఎలగాల, ఎలగదు.
బల్బు మాడిపోయిందని తెలుసు.
టైర్లకీ ఇన్సూరెన్సుకీ తప్ప
దేనికీ తొందరపడని మనిషిని,
రేపు రేపని సాగదీసినా.

చిత్తూరు నుంచి వేలూరు ఆస్పత్రికి
తెల్లారుజాము బాడుగలు నావి.
చీకట్లో ఎక్కేవాళ్లు చీకట్లోనే కూర్చుంటారు.
వెనక ఎవరుండారో దగ్గుని బట్టి,
ఫ్లాస్కు మూత తిప్పే తీరుని బట్టి
తెలుసుకునేవాణ్ణి.
అద్దంలో చూస్తే మనుషులుండరు,
వెనకొచ్చే లారీ దీపాలుంటాయి.

గ్రీమ్స్‌పేట ధనకోటక్క
మూడు వారాలకోసారి, మంగళవారం, నాలుగింటికి.
పక్కన చెల్లెలి కొడుకు, ఫైలు పట్టుకోని.

ఆ పొద్దు నరహరిపేట చెక్‌పోస్టు కాడ
కొత్త కానిస్టేబులు "లోపల లైటెయ్" అన్నాడు.
లేదు సార్, పోయింది, అంటిని.
అద్దం దించమని టార్చి లోపలికి తోసినాడు.
తెల్లటి ఎలుతురు
నిద్రపోయే మనిషి మొకం మీద పడింది.
అక్క ఉలిక్కిపడి లేచి
కళ్లు కాదు, ముందు తల దాచుకునింది.
టవలు జారిపోయుండింది.
కానిస్టేబులు టార్చి దించేసి
"పో, పో" అన్నాడు, నా పక్క చూడకుండా.
తప్పు వాడిది కాదు.
ముప్పై రూపాయల తప్పు. నాది.

అంగట్లో చెంగల్రాయుడు
డబ్బాలన్నీ కిందేసి ఎతికినాడు.
"ఇవి ఎవురు వాడతార్నా ఇప్పుడు?
తెల్ల ఎల్ఈడీ ఎయ్యి, పగలు మాదిరుంటాది."
"పగలంతా ఆస్పత్రిలో చూస్తారు గదా,
పసుపుదే ఇయ్యి."

మూత తీసేదానికి స్క్రూడ్రైవరు అక్కర్లా.
ఇంటి తాళంచెవి మొనతో
ఒక మూల ఎత్తితే టక్కుమంటాది.
లోపల మూడు ఈగలు, ఒక రెక్కల పురుగు.
ఎప్పుడు దూరినాయో.
ఉఫ్ అని ఊదినా.
మాడిన బల్బు జొరం మాత్రంత ఉండాది,
రెండు పక్కలా ఇనప టోపీలు,
గాజంతా పొగచూరి.
చెవి కాడ పెట్టుకోని ఊపితే
తెగిన తీగ సన్నంగా మోగింది,
దోమ గజ్జె కట్టుకున్నట్టు.

కొత్తది రెండు రేకుల నడుమ ఇరికించినా.
ఎలగలా.
రేకులకి కిలుం.
చొక్కా అంచుతో తుడిచి, రొంత వంచి
మళ్లీ పెడితే
పట్టింది.

నా బండి నేనే చూసుకున్నా అప్పుడు.
సీటు కింద ఒంటి చెవిదుద్దు, ఖాళీ మాత్రల అట్ట,
ఎండిన కమలాపండు తొక్క.
నా సీటు వెనక రెగ్జిన్ మీద
ఎవురో గోటితో గీసిన గీతలు.
లెక్కపెడితే పదకొండు.
ఎవురివో నేను అడగలేదు.

ఈసారి ధనకోటక్క తలుపు తీస్తానే ఎలిగింది.
కాలు లోపల పెట్టకుండా ఒక నిమిషం పైకి చూసింది.
"ఆర్పొద్దు, ఉండనీ" అనింది.
సంచిలోంచి జాకెట్లు తీసింది.
ఆమె టైలరని అప్పుడు తెలిసింది నాకు,
ఇన్ని మంగళవారాల తర్వాత.
హుక్కులు కుడతా కూర్చునింది.

నాకేమో ముందద్దం నిండా ఆమె చేతులే,
రోడ్డు సగమే కనపడతా ఉండింది.
నలభై దాటకుండా పోనిచ్చినా.
"స్పీడ్ బ్రేకరక్కా" అంటే
సూది పైకెత్తి పట్టుకుంటాది,
దాటినాక దించుతాది.

చెక్‌పోస్టు కాడ అదే కానిస్టేబులు.
వంగి చూసినాడు. టార్చి నడుముకే ఉండింది.
"మా ఇంటామెకి కుట్టాలంటే కూలి ఎంతమ్మా?"
"ముందు కొలత జాకెట్టు పంపించమను" అనింది
దారం పంటితో తెంచతా.

గుడిపాలకి ఆరు,
క్రిస్టియాన్‌పేటకి పదకొండు,
కాట్పాడి బ్రిడ్జి ఎక్కేసరికి పద్దెనిమిది హుక్కులు.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం
తనే చెయ్యి చాపి ఆర్పేస్తాది.
నేనేమీ మాట్లాడను.
మాడిన బల్బు చిల్లర డబ్బాలో ఏసిపెట్టినా.
గుంతలు వచ్చినప్పుడు ఏదో మోగతాది.
అదో, చిల్లరో,
చీకట్లో తెలీదు.