అభ్యంతరం నెంబరు పదిహేడు

హైస్కూలు రేకుల షెడ్డులో సభ.
వాన మొదలయ్యాక మైకు ఓడిపోయింది.
నా పని రాయడం.
పేరు, ఊరు, అభ్యంతరం, జవాబు:
నాలుగు గళ్ళ రిజిస్టరు, మోకాలి మీద అట్ట.

ఇంజనీరుగారు గోడమీద గౌతమిని నీలంగీతగా చూపించారు.
దాని మెడకి అడ్డంగా ఒక ఎర్రగీత.
ఆరు టర్బైన్లు, పద్దెనిమిది మెగావాట్లు,
ఎత్తు మూడు మీటర్లే అన్నారు,
ఇద్దరు మనుషుల నిలువైనా లేదన్నట్టు.
మా రేవులో ఎవరూ ఏటిని అంత పైనుంచి చూడలేదు.
"ఇందులో మా ఇల్లెక్కడండీ?"
వెనకబెంచీ నుంచి ఒక గొంతు.

మొదటి పదహారూ తొందరగా అయిపోయాయి.
పరిహారం. గట్టు. ఊటనీరు. ఇంటికో ఉద్యోగం.
"పరిశీలిస్తాము" అని రాసి రాసి
చివరికి "పరి" దగ్గరే గీత లాగేశాను.

పదిహేడు: ఓలేటి కాసులమ్మ, చేపల అమ్మకం.
కూర్చోమంటే కూర్చోలేదు.
"ఎర్రనీరు దిగినప్పుడు ఉప్పునీళ్ళొదిలి ఎదురెక్కుద్దండి.
ఎక్కేకొద్దీ ఒంట్లో ఉప్పు పోద్ది, రుచొస్తది.
మీ గోడకాడ ఆగిపోతే అది పులస కాదండి,
ఇలసే."
నవ్వారు. నేనూ నవ్వుతూనే రాశాను.
జవాబు గడిలో: చేపలకు మెట్లు కట్టబడును.
"మెట్లా? దానికి కాళ్ళెక్కడియ్యండీ?"

అప్పుడు ఐసు ఫ్యాక్టరీ రామశేషు లేచాడు.
ఆవిడ గంపకి ఐసు పోసేది ఇతనే.
"అక్కా, మొన్న శ్రావణంలో మూడ్రోజులు కరెంటు లేదు.
నీ సరుకేవైందో చెప్పు ఈళ్ళకి."
ఆవిడ చెప్పలేదు.
నాకు తెలుసు: ఇరవై కిలోలు
ఏటిగట్టు మీద గొయ్యి తీసి పాతిపెట్టింది,
కుక్కలు రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఆ మూడ్రోజుల్లోనే
మా చెల్లెలి పిల్లకి ఆయాసం.
ఆవిరి మిషను ప్లగ్గు చేతిలో పట్టుకుని
గోడమీది మూడు చిల్లులకేసి చూస్తూ
తెల్లవార్లూ కూర్చున్నాను.
ఇది చెప్పడానికి రిజిస్టరులో నాకు గడి లేదు.
గుమస్తాకి అభ్యంతరం ఉండదు, అంగీకారమూ ఉండదు.

పద్దెనిమిది: పంటు నడిపే ఏసుపాదం.
"ఆదివారాలు టౌన్నుంచి కుర్రాళ్ళొస్తారండి,
ఊరికే అటూ ఇటూ తిప్పమంటారు.
ఎక్కడికంటే ఎక్కడికీ కాదంటారు.
ఆ డబ్బులు ఏ పద్దులో రాస్తారు మీరు?"

ఏడో తరగతి పిల్లాడొకడు చెయ్యెత్తాడు. వయసు చాలదన్నారు.
అందుకని ఇక్కడ రాస్తున్నాను:
"నీళ్ళాగితే ఇసకతిన్నె ములిగిపోద్ది కదండీ,
మరి క్రికెట్టెక్కడ?"

నివేదిక నలభయ్యో పేజీలో ఒక పట్టిక.
విద్యుత్తు: ఇన్ని కోట్లు.
వేట: ఇన్ని లక్షలు. విహారం: ఇన్ని వేలు.
దృశ్యం ఎదురుగా చిన్న అడ్డగీత.
సున్నా కాదు, అడ్డగీత.
సున్నా అయితే పోట్లాడి ఉండేవాణ్ణేమో.

కాసులమ్మ తక్కెడ చూశారా ఎప్పుడైనా?
అంచు విరిగిన పళ్ళెం కింద
చింతపండు ముద్ద అంటించి ఉంటుంది.
మోసం అనుకున్నాను చిన్నప్పుడు.
రెండు పళ్ళాలూ ఖాళీగా సమంగా నిలిచేదాకా
ఆవిడ చేపని ముట్టుకోదు.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది.
రిజిస్టరు సంచీలో పెట్టుకుని రేవుకి దిగాను.
పంటు మీద ఒకే ఒక్క బల్బు.
దాని వెలుగు నీళ్ళమీద పొడుగ్గా సాగి
నా చెప్పులదాకా వచ్చి వణుకుతోంది.
బావుంది.
ఆ బావుండటంలో కరెంటెంతో ఏరెంతో
విడదీసి చెప్పమంటే చెప్పలేను.

పదిహేడో జవాబు కొట్టేశాను.
నాకా అధికారం లేదు.
కొట్టేసినచోట ఏం రాయాలో తెలీక
కలం మూత నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.
పైన భద్రాచలం అవతల వర్షాలు పడ్డట్టున్నాయి,
ఓ వార నీళ్ళు
ఎర్రబడుతున్నాయి.