నీళ్ళు లేని ఈత

రాణిగారితోటలో మా యువజన సంఘానికి
ఒక రేకుల షెడ్డు, రెండు క్యారమ్ బోర్డులు,
కాళ్ళు కదిలే పది బల్లలు.
బందరు కాలువ కట్టేసి నెలయింది.
అడుగు బురద పెంకులుగా లేచింది.
తెగిన చెప్పులు, అద్దం లేని దేవుడి పటాలు,
ఎవరిదో సైకిలు చక్రం,
ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ
బయటపెట్టుకుని పడుకుంది కాలువ.

ఆ ఎండల్లో
షెడ్డు గోడమీద సుద్దముక్కతో రాశాడు నాంచారయ్య:
"ఈత నేర్పబడును. ఉదయం ఆరింటికి. ఫీజు లేదు."
చదివినవాళ్ళు నవ్వారు. నీళ్ళేవయ్యా అన్నారు.
"వచ్చాక నేర్పితే ఆలస్యం."
ఆ మాట తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.
పోయిన జూన్‌లో కొత్త నీళ్ళు వచ్చిన రోజు
రేవు మెట్ల మీద
ఒక చిన్న చెప్పుల జత మిగిలిపోయింది.

రిటైరయ్యి ఖాళీగా ఉన్నానని నన్నూ పిలిచారు.
హాజరు పట్టీ నాది, ఎక్కాలు నావి.

బల్లకొకరు బోర్లా పడుకుని
గాలిని వెనక్కి నెట్టేవాళ్ళు.
తిరపతమ్మ, బాజీ, ఇమ్మానియేలు, మెహరున్నీసా.
తన్నినప్పుడల్లా బల్లలు కిర్రుమనేవి.
"మోకాలు వంచకురా, సైకిలు తొక్కుతున్నావా?"
"అది దోసిలి కాదమ్మా, తెడ్డు."
దిగాక బల్ల మీద మనిషి ఆకారంలో చెమట.
ఆ తడిని చూసి చెప్పేవాళ్ళం
ఇవాళ ఎవరు ఎంత దూరం వెళ్ళారో.

రెండో వారం
వాళ్ళావిడ చేపలమ్మే నీలం టబ్బు తెచ్చాడు.
చింతపండుతో ఎంత తోమినా వాసన పోలేదు.
ముఖం ముంచాలి, ఊపిరి బిగబట్టాలి.
గోడ గడియారం ఆగిపోయింది కనక
ఎక్కాలతో కొలత.
రెండో ఎక్కంలోపే తల ఎత్తితే పిల్లికూన,
ఏడో ఎక్కం దాటితే కొర్రమీను.
మెహరున్నీసా వాళ్ళమ్మ మిరపకాయలు దంచి దంచి
ఆ చేతులతోనే నేనూ చూస్తానని వంగబోతే
పిల్లలంతా టబ్బు ఎత్తుకుని పరుగు.

బడిలో ఐదేళ్ళు ఒక్క ఎక్కమూ పలకని బాజీ
ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే పైకి లేచి
"పదమూడెనిమిదులు నూట నాలుగు" అన్నాడు.
లోపల నిజంగా అంతవరకూ చెప్పాడంటావా, అన్నాను.
"నీళ్ళలో అబద్ధం ఆడలేం టీచరుగారూ,
ఊపిరి చాలదు."

నెలాఖరుకి సెక్రటరీ గవర్నరుపేటలో
బంగారు అంచు సర్టిఫికెట్లు అచ్చు వేయించాడు.
నాంచారయ్య సంతకం పెట్టనన్నాడు.
"బల్ల మీద ఈదినోడికి బల్లే పెట్టాలి సంతకం."
అవి డ్రాయర్లో, క్యారమ్ పౌడరు డబ్బా కింద పడున్నాయి.

బడులు తెరిచారు. నీళ్ళు రాలేదు.
బల్లల మీద మళ్ళీ పేపరు చదివేవాళ్ళు.
ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు
తలుపు దగ్గరగా వేసి
అరవై ఒకటో ఏట నేనూ బోర్లా పడుకున్నాను.
నాలుగుసార్లు తన్నాను.
బల్లి ఒకటి చూసింది. ఎవరికీ చెప్పలేదు.

ఒక రాత్రి వీధంతా ఒకటే కేక:
నీళ్ళొదిలారంట!
తెల్లారేసరికి టీ రంగులో కాలువ,
నడుముకి తాడు కట్టుకుని నాంచారయ్య,
మెట్ల మీద బడి సంచులు గుట్టగా.
ముందు తిరపతమ్మ దిగింది.
రెండు బారలు, మునక,
జడ ఒక్కటే కనపడింది కాసేపు.
నేను ఏ ఎక్కంలో ఉన్నానో మర్చిపోయాను.
పైకొచ్చి నోటి నీళ్ళు ఉమ్మి అరిచింది:
"సార్, ఇది చేతికి దొరుకుతోంది!"

తడి చేత్తోనే పెట్టాడు సంతకాలు.
ఇంకు పాకి, పేరు చెదిరి
కాగితానికో నీలం మరక.
పిల్లలు వాటిని ఊదుకుంటూ బడికి పోయారు.

డ్రాయర్లో ఇంకొకటి మిగిలింది, పేరు రాయనిది.
రోజూ పొద్దున్నే ఎవరూ రాకముందు
మోకాలి లోతు దాకా దిగుతున్నాను.
ప్రస్తుతానికి
రెండో ఎక్కం దగ్గర ఉన్నాను.