మంద అంచు

తోడేలు మంద నడుమకి రాదు.
అంచున మేసేదాన్ని ఎత్తుకుపోతుంది,
చప్పుడుండదు.
ఈ సంగతి మా అన్న గొంబోజావ్‌కి
నాకన్నా బాగా తెలుసు.

అయినా మొన్నటి చలికాలం
అతని లెక్కలో రోజూ రెండు మూడు గొర్రెలు తగ్గేవి.
నేను లెక్కపెడితే అన్నీ ఉండేవి.
గుడారం ద్వారబంధానికి భుజం కొట్టుకునేవాడు,
పక్కనే పెట్టిన ఉప్పుటీ గిన్నె తన్నేవాడు.
వయసు, అనేవాడు.
యాభై రెండేళ్లకే!

అర్వైహేర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ
నీటికాసులు అంది.
కంట్లో నీరు పోయే దారి మూసుకుపోయిందట,
ఒత్తిడికి నరం ఎండిపోతోందట.
పోయిన చూపు ఇక రాదు.
ఆ మాట మెత్తగా చెప్పలేదు.
ఉన్నది నిలవడానికి
నల్లగుడ్డు తెరలో లేజరుతో
సూదిమొనంత కన్నం పెట్టింది.

"గుడారానికి పొగగూడు లేదూ, అలాంటిదే"
తిరుగుదారిలో అన్నాడు అన్న.
ఆ తర్వాత ముప్పై మైళ్లు ఏమీ మాట్లాడలేదు.

రాత్రిళ్లు చుక్కలమందు నేనే వేస్తాను.
రెప్పమీద పడితే తిడతాడు.
మందను లెక్కపెట్టేటప్పుడు
గుడ్లగూబలా తలంతా తిప్పుతాడు.

నిన్న అడిగాడు:
"నీ కళ్లెప్పుడు చూపించుకుంటావు?"
నాకు మందంతా కనబడుతోందిగా, అన్నాను.

"నాకూ కనబడేది."