అరువు బొజ్జ

ఆదోనిలో జిన్ను మిల్లు మూతబడినాక
వెనకాల గోదాములో మూడు గదులకు సున్నం కొట్టి
బోర్డు రాయించినాము: హాస్యగాళ్ల వస్తుశాల.
సున్నం కింద ఇప్పటికీ పత్తి వాసన.
ఎండాకాలం మధ్యాన్నం దూలాల సందుల్లోంచి
ఒక్కో పోగు దిగుతాది,
చూడొచ్చినోళ్ల తలల మీద వాలి
తొందరపడి ముసలోళ్లను చేస్తాది.

తాళంచెవి నా దగ్గరే.
చీటీలు రాసింది కూడా నేనే.
వస్తువు, కాలం, ఇచ్చినవారు, స్థితి:
నాలుగు గళ్లు, కలెక్టరాఫీసు కొలత.

మొదటి పెట్టెలో ఒంటి చెప్పు.
రెండోది ఎమ్మిగనూరు సంతలో జనం మీదికి విసిరితే
తిరిగి రాలేదు. స్థితి: సగం.
రెండో పెట్టెలో అరచెయ్యంత అద్దం.
పదకొండు మంది, ఒకరి తర్వాత ఒకరు,
దీంట్లో చూసుకోనే జింకు పొడి పూసుకున్నారు.
ఎవరి మొగమూ మిగల్లేదు. మచ్చలుండాయి.

మూడో పెట్టె ఖాళీ.
అది మా తాతది, దూదేకుల దస్తగిరిది.
పగలు సావుకారి పత్తి ఏకి
రాత్రి ఆ పత్తినే గోతంగుడ్డలో కుక్కి
నడుముకు కట్టుకోని, తాసిల్దారై స్టేజీ ఎక్కేవాడు.
కరువు లెక్క రాసుకోను వచ్చిన తాసిల్దారు.
"పంట ఎంత పోయింది?" అని అడుగుతా
ఇంటికొక ముద్ద సంగటి మింగుతా
బొజ్జ పెంచుకుంటా పోయేవాడు.
ముందు వరసలో నులకమంచం మీద సావుకారి
తన పత్తిని చూసి తానే
కండ్లనీళ్లు పెట్టుకోని నవ్వేవాడంట.

తెల్లారితే బొజ్జ విప్పి
తూకమేసి అప్పజెప్పాల.
ఒకసారి పావుసేరు ఎక్కువ తూగింది.
"చెమట" అన్నాడంట తాత.
దానికి కూలి ఇయ్యలేదు.

చీటీలో ఏం రాయాలో తెలీక
"తిరిగి ఇచ్చేసినారు" అని రాసినా.

పోయిన నెల కర్నూలు నుంచి ఆఫీసరు వచ్చినాడు.
"ఖాళీ పెట్టెకు కరెంటు దీపం ఎందుకమ్మా?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోగా
వెనకాల ఫటేల్‌మని మోత.

నాలుగో పెట్టెలో చీలిన వెదురుకట్టె ఉంటాది.
తగిలేది చీమ కుట్టినంత, మోగేది పిడుగు పడినంత.
మా చెల్లెలి కొడుకు ఇమాంబాషా, ఆరేండ్లోడు,
అద్దం జరిపి దాన్ని తీసి
ఆఫీసరు వెనక భాగాన్ని తనిఖీ చేసినాడు.

ఆయన ఎగిరినాడు. ఫైలు ఇంకా పైకెగిరింది.
ఆ కదలికకు దూలం మీద
ఎన్నేండ్ల దూదో, గుప్పెడు,
నింపాదిగా ఆయన మీసం మీదికి దిగింది.

బడిపిల్లోళ్లు ముందు నవ్వలేదు.
నా మొగం చూసినారు.
నేను కొంగులో తల దాచుకున్నా.
అంతే.

కాయితాలు ఏరుకుంటా ఆయన కూడా
ముక్కు కింద దూదిని ఊదుతా ఏదో శబ్దం చేసినాడు.
దగ్గు అంటాడు ఆయన.

సాయంత్రం నాలుగో చీటీలో
స్థితి గడిలో ఉన్నది కొట్టేసి మళ్లీ రాసినా:
పని చేస్తాది.
మూడో పెట్టె దీపం ఆర్పలేదు.
నెలకు నూటా ఎనభై రూపాయల బిల్లు.
ఎవరి ఖాతాలో రాయాలో
సావుకారి మనవడిని ఇంకా అడగల్లే.