చూసితిని

మిర్చి సీజన్ల యార్డుకు పోయినోడు
ఏడ్వకుంట ఎనుకకు రాడు.
అడ్తిదారు ఏడుస్తడు, హమాలీ ఏడుస్తడు,
కాంటా కాడ గుమస్తా అంకెలు రాసుకుంటనే ఏడుస్తడు.
ఎవని కన్నీళ్ళు ఎవడూ అడుగడు.

అసొంటి పొద్దున, వరంగల్ల,
మూడో నంబరు షెడ్డు ముంగట
మార్కెట్ కమిటీ చైర్మన్ గుజ్జెటి ఐలుమల్లును కాల్చిండ్రు.
అన్నల పని అన్నరు కొందరు. పార్టీల పంచాయితీ అన్నరు కొందరు.
కళ్ళార చూసినోళ్ళు మాత్రం పదకొండు మంది.

ఆ కళ్ళన్ని నా చేతి మీదికెల్లే పోయినయి.
స్టేషన్ రైటర్ను. నీలి కార్బన్ పెట్టి మూడు కాపీలు.
ఎవలు ఏ యాసల చెప్పినా
కాయితం మీదికొచ్చేటాలకు ఒక్కటే మాట అయ్యేది:
చూసితిని.

"పటాక సప్పుడనుకున్న సార్, బస్తాల నడుమ తల దాసుకున్న"
అన్నడు బానోతు దస్రు.
తుపాకి పేల్చుట చూసితిని, అని రాసిన.

తాలు ఏరే బొల్లం కొంరమ్మ
"ఎర్రంగి పిలగాడు" అన్నది, కొంగుతోని కన్ను ఒత్తుకుంట.
అవ్వా, ఆ కంటికి ఆ యాళ్ల ఎర్రగ కానిదేది?
అడుగవలె. రాత్రి రెండయింది. అడుగలే.

అడ్తిదారు చిదిరాల నాగభూషణం చేతక్ స్కూటరన్నడు.
ఇంకొకడు రాజ్‌దూతన్నడు.
సీఐ సారు చాయ్ ఊదుకుంట "ఏదో ఒకటి ఖాయం చెయ్" అన్నడు.
చేతక్ రాసుడు అల్కగుంటది. చేతకే అయింది.

నేను సుత పోయిన ఆడికి, అరగంట తర్వాత.
ఐలుమల్లు ఎడమ చెప్పు మిర్చి రాశిల కూరుకపోయి ఉండె.
ఎడమదా, కుడిదా?
పంచనామాల ఎడమ అని ఉన్నది. అందుకే ఎడమ అంటున్న.

చాయ్ గ్లాసులు ఏరుకపోను వచ్చిన యాకూబు,
పదేండ్లుంటయేమో, అడుగకున్నా చెప్పిండు:
"బండి లేదు సార్. నడుసుకుంటనే పోయిండ్రు.
గేటు కాడ ఆగి చెరుకు రసం తాగిండ్రు. ఒకడు ఐసు వద్దన్నడు."
చిన్న పోరడు, కోర్టుల నిలువడని ఇడిచిపెట్టిన.
ఆ ఐసు మాట ఇరువై ఆరేండ్ల సంది నన్ను ఇడిచిపెడ్తలేదు.
అట్లని పోరన్ని నమ్ముతున్ననా?
ఎండ దంచుతుండె. వానికే దూపయిందేమో.

జైల్ల గుర్తింపు పరేడ్ పెడితే
పదకొండు వేళ్ళు తౌటం సారంగం మీదికే లేసినయి.
అంతకు ముందు వారం దినాలు వాని ఫొటో
నా బల్ల మీద అద్దం కింద ఉండె.
అందరు ఆ బల్ల ముంగటనే కూసున్నరు.

నాలుగేండ్లు లోపట ఉన్నడు సారంగం.
"నోర్లు పదకొండు, నాలుక ఒక్కటేనా?" అని
వాళ్ళ వకీలు నా దస్తూరి లేపి జడ్జికి చూపెట్టిండు.
కేసు కొట్టేసిండ్రు.
ఐలుమల్లు పెండ్లాం కోర్టు మెట్ల మీద కూసోని
చానసేపు లేవలే.
ఇది మాత్రం చూసితిని.

మొన్న హన్మకొండ చౌరస్తాల సారంగం ఎదురువడ్డడు.
మొకం తిప్పుకుంటడనుకున్న. దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు:
"సార్, నేను నిజంగ ఆడ ఉంటినా?"
లేకుంటివి, అందామంటె నోరు రాలే.
"అన్ని మాట్ల సదివి వినిపిచ్చిండ్రు గద,
ఇప్పుడు కలల ఆ షెడ్డు కానొస్తది.
ఎర్రంగి నా జల్మల ఎన్నడు లేకుండె సార్.
కలల మాత్రం తొడుక్కుంట. పైకెల్లి రెండో గుండీ ఉండది."

ఆటో ఎక్కి పోయిండు.

గుండీ సంగతి పదకొండు మందిల ఎవ్వలు చెప్పలే.
నేను రాయలే.
రాయలేదనే నాకు యాది.