ఏ తిథి నాటి గీత

పటాన్ని గొట్టంలో చుట్టి, గొట్టాన్ని భుజాన వేసుకుని
తాళ్లరేవులో బస్సు దిగాను.
అక్కణ్ణుంచి ఆటో, ఆటో దిగాక గట్టు,
గట్టు చివర తుఫాను షెల్టరు.
నా ఉద్యోగం చిన్నది, కాంట్రాక్టుది.
ఉపగ్రహం పంపిన బొమ్మ మీద
నీలం ఎక్కడ ఆగి పచ్చ ఎక్కడ మొదలవుతుందో
అక్కడ ఒక ఎర్ర గీత గీయడం.

షెల్టరు గోడకి పటం వేలాడదీశాం.
గాలికి లేవకుండా కింద మూలలకి
వలల సీసపు గుండ్లు కట్టారెవరో.
ఆఫీసరుగారు కర్ర పట్టుకుని చదివారు:
ఇది జెట్టీ, ఇది రొయ్యల మండలం,
ఇది రక్షిత అడవి,
ఇది ఖాళీ.

ఖాళీ అన్నప్పుడు
గుమ్మం బయట ఎవరో దగ్గారు.

ముందు కుర్చీలు మోటారు బోట్ల వాళ్లవి.
వెనక బెంచీలు నావల వాళ్లవి.
బయట గొంతుక్కూర్చున్నారు యానాదులు,
కుర్చీలు చాలక కాదు.

వాళ్లలోంచి లేచింది తుపాకుల మంకమ్మ.
మోకాళ్ల దాకా ఆరిన ఒండ్రు,
కుడిచేతికి బొటనవేలు సగమే.
మిగతా సగం ఏ మండపీత దగ్గరుందో.
పటాన్ని ముట్టుకోలేదు. దగ్గరికొచ్చి
వాసన చూసింది.

"ఈ గీత పోటు మీద గీశావా బాబూ,
పాటు మీద గీశావా?"

ఆఫీసరుగారు నా వైపు చూశారు.
నేను ఫైలు పేరు చూసి
"ఫిబ్రవరి పన్నెండు, పొద్దున పదిన్నర" అన్నాను.
"తేదీ ఎవరడిగారు? తిథి చెప్పు."

బెంచీల మీద ఒక కుర్రాడు
ఫోనులో పంచాంగం తెరిచాడు. అష్టమి.
"అదీ సంగతి.
అష్టమినాడు సముద్రం గుమ్మం దాటదు.
అమావాస్యకి రా.
నీ ఎర్ర గీత మీద నా మొల్లోతు నీళ్లుంటాయి,
మీ జెట్టీ గుమాస్తా కుర్చీ తేలి
కోరంగి దాకా పోద్ది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఖాళీ అన్నావే, ఇక్కడ,
కలింగ చెట్ల కింద గుల్ల విడిచిన పీత
గట్టిపడేదాకా దాక్కుంటది.
అప్పుడు దాన్ని మేం పట్టం.
ఇక్కడ ఊరడ వేళ్ల సందుల్లో
పండుగప్ప పిల్లలు, గోరంతవి.
ఇక్కడ తిల్ల కొట్టబోయి
పాలు కంట్లో పడి మా మామకి చూపు పోయింది.
గుడ్డోడి కయ్య అంటాం.
నువ్వేమో దానికి నంబరేశావు.
ఈ దిబ్బ మీద ఇసక మూరెడు తవ్వితే
మంచినీళ్లు. ఈ చుట్టుపక్కల అదొక్కటే.
నీ రొయ్యల చెరువు దాని నెత్తినుంది."

పెన్ను తీశాను.
ఇంకా చెప్పమ్మా, ఇంకేమున్నాయి, అన్నాను.

"ఇంకో మూడు చోట్లున్నాయి.
చెప్పను.
చెప్తే గీస్తావు. గీస్తే వస్తారు."

వెళ్లి మళ్లీ గుమ్మం బయటే కూర్చుంది.

సాయంత్రం రిజిస్టరులో రాశారు:
ప్రజాభిప్రాయం సేకరించడమైనది.
అభ్యంతరాలు: లేవు.
ఆ చేతిరాత నాది.

కాకినాడ గదిలో చాలా రాత్రులు
గీతని చుక్కలుగా మార్చి చూశాను.
చుక్కల గీతకి చట్టంలో అర్థం లేదట,
గీతంటే గీతేనట.

మొన్న అమావాస్యకి
ఎవరికీ చెప్పకుండా వెళ్లాను.
ఫోను చెప్పిన చోట, సరిగ్గా ఎర్ర గీత మీద,
ప్యాంటు మడిచి నిలబడ్డాను.
మొదట చీలమండలు. తర్వాత పిక్కలు.
మడత విప్పే పని లేకుండా
నీళ్లు నా తొడల సగానికొచ్చి ఆగాయి.
మంకమ్మ నాకంటే జానెడు పొట్టి.
లెక్క సరిపోయింది.

చెప్పని మూడింట్లో ఇదొకటేమో, తెలీదు.
అరికాలి కింద ఏదో మెత్తగా కదిలింది.
ఇంకా గట్టిపడనిది.

కాలు మెల్లగా ఎత్తి
ఎక్కడ పెట్టాలో తెలీక
చాలాసేపు అలాగే, ఒంటికాలి మీద.