ఇరవై మూడు తప్పులు

బాల్టిమోర్‌లో జులై అంటే
తడిగుడ్డ మొహమ్మీద కప్పినట్టుంటుంది.
అలాంటి మధ్యాహ్నం వచ్చాడా కుర్రాడు,
చంకలో సాక్సఫోన్ పెట్టె,
మణికట్టు దాకా గుండీలు పెట్టిన చొక్కా.
"లూషస్ టారంట్‌ని రికార్డు చేసిన
వెర్నా టాలీ మీరేనా?"
నేనే.
అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది,
చెవులు రెండూ పనిచేసేవి.

కూర్చోకుండానే అడిగాడు
ఆ రాత్రి ఆయన ఏం తీసుకున్నాడని.

అందరూ అదే అడుగుతారు.
పాట ఎలా వచ్చిందని కాదు,
ఏం ఎక్కించుకుంటే వచ్చిందని.
కూర రుచి చూసి
అగ్గిపెట్టె ఏ కంపెనీదని ఆరా తీసినట్టు.

తెలిసినంత చెప్పాను.
రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు.
సాక్సఫోన్ తాకట్టులో ఉంటే
డ్రమ్ముల ఓడెల్ తన చేతిగడియారం ఇచ్చి విడిపించుకొచ్చాడు.
లూషస్ కనుపాపలు గుండుసూది మొనలంత.
మొదటి టేకు కాగానే
అద్దం అవతల నుంచి నావైపు చూసి
"వెర్నా, పైకప్పు లేచిపోయింది, విన్నావా" అన్నాడు.
లేచిపోలేదు.
పదకొండు నిమిషాలు
నాలుగే స్వరాల చుట్టూ గానుగెద్దులా తిరిగాడు.
టేపుకి మత్తెక్కదు.
విన్నది విన్నట్టు రాసుకుంటుంది.

అబద్ధం ఎందుకు,
ఐదో టేకులో నలభై సెకన్లున్నాయి.
పైకి ఎగబాకి, అంచున ఊపిరి బిగబట్టి,
ఒక్కసారిగా కిందికి జారే వరస.
మీటల మీద నా చెయ్యి వణికింది.
ఓడెల్ కర్రలు ఆపేశాడు.
లోకం కొనుక్కున్నది ఆ నలభై సెకన్లనే.
మిగతా రాత్రిని
నేనే బ్లేడుతో కోసి చెత్తబుట్టలో వేశాను.
ఆ కోసేసింది వినని పిల్లలు
ఎంతమంది తమ చేతులు చిల్లులు పొడుచుకున్నారో.
నేను శవపేటిక దాకా వెళ్ళిన లెక్క, ఆరు.
లూషస్‌ది కలపకుండా.

కుర్రాడి కళ్ళు మెరిశాయి:
"అంటే, నిజమేనన్నమాట."

అప్పుడు తీశాను
మంచం కింద అట్టపెట్టెలోంచి ఇంకో టేపు.
మీద నా చేతిరాతే: యాభై రెండు, మార్చి,
చర్చి కింది గది.
లూషస్‌కి పంతొమ్మిదేళ్ళు.
అప్పటికి వాడి ఒంట్లోకి దిగిన విషం
వాళ్ళమ్మ కాచే చేదు కాఫీ ఒక్కటే.
ఆ రోజు మైకు ఆపడం మరిచిపోయాను.

రేడియేటర్ టకటక.
ఎవరిదో దగ్గు.
ఆ వెనకాల, అదే వరస.
మెల్లగా, మెట్టు మెట్టుకీ కాలు తడుముకుంటూ.
తప్పు. మళ్ళీ.
తప్పు. మళ్ళీ.
అంచు దాకా వచ్చి పడిపోతాడు,
నవ్వుతాడు, నాలుకతో రీడు తడుపుకుంటాడు,
"ఇంకొక్కటి, వెర్నా, ఒక్కటే" అంటాడు.
ఇరవై మూడుసార్లు తప్పు.
ఇరవై నాలుగోది రాకముందే టేపు అయిపోయింది.

ఆ ఇరవై నాలుగోదే
తొమ్మిదేళ్ళకి, ఆ రాత్రి, ఇల్లు చేరింది.
సూది దాన్ని తోలుకొచ్చిందో,
అన్నాళ్ళూ వాకిట్లో నిలబెట్టిందో
నేను చెప్పలేను.
దాని వెనకాల ఇంకోటి రాలేదు.
అది మాత్రం చెప్పగలను.

ఆ పాత టేపులో నాకిష్టమైంది
నిజానికి వరస కాదు, వాడి నవ్వు.
అచ్చయిన రికార్డులో అదెక్కడా లేదు.

కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు.
మోకాలి మీద వేళ్ళు మాత్రం
లేని మీటలు నొక్కుతున్నాయి.
తర్వాత లేచి, బాత్రూం ఎటు అన్నాడు.
సాక్సఫోన్ ఇక్కడే ఉంచి
పెట్టె అరలోంచి చిన్న సంచీ ఒకటి తీసుకెళ్ళాడు.

గడియ పడింది.
కుళాయి తిప్పిన చప్పుడు.
ఆగడంలేదు.

టేపు వెనక్కి తిప్పాను.
తలుపు దాటి వినబడేంత
శబ్దం పెంచాను.

తప్పు.
మళ్ళీ.